170 గ్రాముల ఆశ

హోస్ట్: అక్కా, నా మౌంటెన్ బైక్ సీటు 280 గ్రాములు. కార్బన్‌ది ఒకటి చూశా, 110 గ్రాములే. కొనెయ్యనా?

అతిథి: ఆగాగు. నీ బరువెంత?

హోస్ట్: 74 కిలోలు.

అతిథి: బైక్ ఓ 13 అనుకుందాం. మొత్తం 87 కిలోల్లో 170 గ్రాములు తగ్గితే వెయ్యింటికి రెండు వంతులు. సీసాలో నీళ్లు నాలుగైదు గుక్కలు తాగితే అంతే తగ్గుతుంది.

హోస్ట్: తాగితే నా కడుపులోకే కదక్కా వచ్చేది!

అతిథి: (నవ్వు) సరే, పారబొయ్యి. తేలిక సీటు వద్దని కాదు, నా రేస్ బైక్‌కి ఉన్నదీ అదే. గ్రాములు ఆఖర్న చూడమంటున్నా. ముందు వెడల్పు. కూర్చుంటే పిరుదుల్లో రెండు ఎముకలు ఆనతాయి చూడు, బరువు వాటిమీద పడాలి. గట్టి స్టూలు మీద అట్టముక్క వేసి, కాస్త ముందుకు వంగి కూర్చో. రెండు గుంటలు పడతాయి. ఒకదాని నడిమి నుంచి రెండోదాని నడిమికి కొలిచి, ఓ 2 సెంటీమీటర్లు కలుపు. ఇంచుమించు అదే నీ సీటు వెడల్పు.

హోస్ట్: ఇరుకుదైతే?

అతిథి: బరువు మధ్యలో నరాల మీద పడి తిమ్మిరెక్కుతుంది. మరీ మెత్తటి సీటుతోనూ అదే గొడవ. ఎముకలు దిగబడి, మధ్యలో స్పాంజి పైకి పొడుస్తుంది. అందుకే ఆకారం కుదిరితే స్పాంజి లేని ఉత్త కార్బన్ పెంకు మీద కూడా కొందరు గంటలు గంటలు తొక్కేస్తారు. నమ్మవు కదూ?

హోస్ట్: నమ్మను.

అతిథి: నేనూ నమ్మలేదులే. ఇక అసలు సంగతి సీటు కింద ఉంది. రెయిల్స్, అంటే సీటుని పోస్ట్‌కి బిగించే రెండు కడ్డీలు. స్టీలువీ టైటానియంవీ గుండ్రంగా, 7 మిల్లీమీటర్లు ఉంటాయి. కార్బన్‌వి ఎక్కువగా కోడిగుడ్డు ఆకారం, 7 వెడల్పు, 9 ఎత్తు. సీటు కింద గొట్టం ఉంటుంది చూడు, సీట్‌పోస్ట్, దాని తలమీద రెయిల్స్‌ని పట్టుకునే క్లాంప్ పక్కల నుంచి నొక్కేదైతే, గుండ్రటి గాడిలో ఈ రెయిల్ సరిగ్గా కూర్చోదు. అది చూసుకోకుండా బిగించేశా, అదీ ఎంత గట్టిగా బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ లేకుండా. నాలుగో రైడ్‌లో రాళ్ల దిగుడు మీద రెయిల్ టప్‌మని విరిగింది. స్టీలైతే వంగి చెబుతుంది, కార్బన్ చెప్పదు. మిగతా దారంతా నిలబడే తొక్కా.

హోస్ట్: అయ్యో! మరి నాకు డ్రాపర్ పోస్ట్ ఉందిగా, తొక్కుతూనే సీటు కిందకి దించుకునేది?

అతిథి: అదే చిత్రం! అరకిలో పైచిలుకు డ్రాపర్ పెట్టుకుని సీటు దగ్గర గ్రాములు లెక్కపెడుతున్నావ్. కానీ డ్రాపర్ తియ్యకు. దిగుడులో సీటు కిందకి పోతే ప్రాణం హాయి.

హోస్ట్: అయితే ఎవరు కొనాలక్కా ఇవి?

అతిథి: ఎక్కుళ్లున్న క్రాస్‌కంట్రీ రేసులు తొక్కేవాళ్లు. రోజంతా కూర్చుని తొక్కే హార్డ్‌టెయిల్ వాళ్లు ఆలోచించాలి, వెనక సస్పెన్షన్ ఉండదు కాబట్టి ప్రతి రాయీ నేరుగా సీటుకే వస్తుంది. మాటిమాటికీ పడేవాళ్లు అసలొద్దు. బైక్ పడితే సీటు అంచు కూడా గీసుకుంటుంది. కొనేముందు చిన్నక్షరాలు చదువు. రైడర్ బరువు ఇంత దాటకూడదని ఉంటుంది. కొన్నిటికి రోడ్డు బైక్‌లకు మాత్రమే అని కూడా ఉంటుంది.

హోస్ట్: నేను చూసినదాని మీద ఏముందో...

అతిథి: చూళ్లేదా?

హోస్ట్: రంగు చూశా. (నవ్వు) సరే, ముందు అట్టముక్క వెతుక్కుంటా.

అతిథి: స్టూలు గట్టిది చూసుకో. సోఫా మీద కొలిచి నాకు ఫోన్ చెయ్యకు.