‘బస్టాండ్ ఓపెన్ ప్లేసే కదా’ అనేవాళ్ల కోసం

[తెర మీద: బస్టాండ్ గోడకు ‘పొగ త్రాగరాదు’ బోర్డు. కెమెరా నెమ్మదిగా కిందికి దిగితే, బోర్డు కింద నేల మీద నలిపేసిన సిగరెట్ పీకలు.]

నమస్కారం. కాలేజీల్లో వక్తృత్వ పోటీలకు ఇప్పటికీ ఈ అంశం ఇస్తున్నారు: ‘బహిరంగ ప్రదేశాల్లో ధూమపానాన్ని నిషేధించాలా, వద్దా?’ ఆ ప్రశ్న వింటే నాకు చిరాకేస్తుంది. నిషేధం వచ్చి చాలా ఏళ్లయింది. 2008 అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజు నుంచి దేశమంతటా అమల్లో ఉంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసుకు వచ్చారు. తాము పుట్టిన ఏడాదే తేలిపోయిన విషయం మీద ‘అనుకూలం’, ‘వ్యతిరేకం’ అంటూ వాదిస్తున్నది వాళ్లే.

అంతకు ముందు కథ కూడా ఉంది. 1999లో కేరళ హైకోర్టు పబ్లిక్ స్థలాల్లో పొగతాగడం ఆపమంది. 2001 నవంబర్ 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆస్పత్రులు, బడులు, కోర్టులు, ఆఫీసులు, లైబ్రరీలు, బస్సులు, రైళ్లలో నిషేధించమని దేశం మొత్తానికీ ఆదేశమిచ్చింది. 2003లో పార్లమెంటు పొగాకు చట్టం చేసింది. 2008 నిబంధనలు దానికి కోరలు ఇచ్చాయి, కనీసం కాగితం మీద.

కాబట్టి ‘నిషేధించాలా’ అన్నది ఈ వీడియోలో విషయమే కాదు. ఉన్న నిషేధం ఎందుకు ఉందో మనకు అర్థం కాలేదు, అందుకే అది గోడ మీద బోర్డుగా మిగిలిపోయింది. ఈ చట్టం పొగతాగేవాడి అలవాటు గురించి కాదు, గాలి గురించి. ఆ ఒక్క ముక్క అర్థమైతే మిగతా వాదనలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ముందు బస్టాండ్ సంగతి తేల్చేద్దాం. ‘చట్టంలో ఓపెన్ ప్లేస్‌కు మినహాయింపు ఉంది, బస్టాండ్ ఓపెనే కదా’ అంటారు. సగం నిజం. 2003 చట్టంలో పబ్లిక్ స్థలం అంటే ఏమిటో చెబుతూ చివర్లో బహిరంగ ఖాళీ స్థలాన్ని మినహాయించారు. కానీ 2008 నిబంధనలు ఆ సందు మూసేశాయి. రైల్వే స్టేషన్, బస్టాండ్, బస్ స్టాప్, స్టేడియం లాంటి జనం వచ్చిపోయే చోట్లు ఆ మినహాయింపు కిందికి రావని స్పష్టంగా రాశారు. సినిమా హాళ్లు, షాపింగ్ మాళ్లు, పనిచేసే చోట్లు, కాఫీ హోటళ్లు, బార్లు కూడా పబ్లిక్ స్థలాలే అన్నారు. అంటే ప్లాట్‌ఫారం చివరికి వెళ్లి, తల పక్కకు తిప్పి దమ్ము లాగినా నేరమే.

[తెర మీద: మూకుడులో కాగుతున్న నూనె. అందులో ఎండుమిరపకాయలు పడతాయి.]

ఇప్పుడు అసలు విషయం. వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు మాడిందనుకోండి. మాడ్చింది ఒక్కరే. దగ్గేది ఎవరు? హాల్లో టీవీ చూస్తున్న తాతయ్య, గదిలో చదువుకుంటున్న పిల్ల, ఉయ్యాలలో పసివాడు. పక్కవాటాలో అత్తయ్యగారు కూడా తుమ్ముతారు. ‘నేను వంటింట్లోనే వేశానండీ, మీ హాల్లోకి రాలేదు’ అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఘాటు గడపలు చూసుకొని నడవదు.

రెస్టారెంట్లో ‘మేం ఆ మూల టేబుల్ దగ్గర కూర్చున్నాం, మీకేంటి ఇబ్బంది’ అనేవాళ్లు చెబుతున్నది సరిగ్గా ఇదే మాట.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. సిగరెట్ నుంచి రెండు రకాల పొగలు వస్తాయి. ఒకటి, తాగేవాడు ఫిల్టర్ గుండా లోపలికి లాగి బయటికి వదిలేది. రెండోది, దమ్ముకూ దమ్ముకూ మధ్య వేళ్ల సందున ఊరికే కాలుతున్నప్పుడు కొస నుంచి సన్నగా, నీలంగా లేచేది. గదిలో చేరే పొగలో ఎక్కువ భాగం ఈ రెండోదే. దమ్ము లాగినప్పుడు గాలి తగిలి నిప్పు బాగా రాజుకుంటుంది. ఊరికే ఉన్నప్పుడు వేడి తగ్గి, పొగాకు సరిగా కాలక కుములుతూ ఉంటుంది. సరిగా కాలని పొగాకు నుంచి కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, కొన్ని క్యాన్సర్ కారకాలు ఇంకా ఎక్కువ వస్తాయి. దానికి ఫిల్టర్ కూడా లేదు. అంటే పక్కన కూర్చున్నవాళ్లకు వచ్చేది తాగేవాడి ఎంగిలి పొగ ఒక్కటే కాదు, ఎవరూ వడకట్టని పచ్చి పొగ. ఈ పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలున్నాయి, వాటిలో క్యాన్సర్ తెచ్చేవని తేలినవే డెబ్బై దాకా ఉన్నాయి.

[తెర మీద: చీకటి గది, కిటికీ సందులోంచి ఎండ గీత. అందులో సిగరెట్ పొగ మెలికలు తిరుగుతూ పైకి వెళ్తోంది.]

‘ఏసీ ఉంది కదా, లాగేస్తుంది’ అంటారు. మన ఇళ్లలో, చిన్న హోటళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మన ముఖం మీదికే పంపుతుంది. దాని జాలీ దుమ్మును పడుతుంది, వాయువుల్ని పట్టలేదు. మళ్లీ తాలింపు దగ్గరికే రండి. మిరపకాయలు మాడినప్పుడు తలుపులు బిగించి ఏసీ వేస్తే ఏమవుతుంది? చల్లటి ఘాటు వస్తుంది. ఫ్యాన్ వేసినా అంతే, ఒక మూల ఉన్నది ఇల్లంతా పరుచుకుంటుంది. స్టవ్ ఆపేశాక కూడా ఘాటు వెంటనే పోదు కదా. సిగరెట్ ఆర్పేసిన గదిలోకి పది నిమిషాల తర్వాత పసిబిడ్డను తీసుకెళ్లినా పొగ ఇంకా అక్కడే ఉంటుంది.

ఈ పోలిక ఒక్క చోట తెగిపోతుంది, నన్ను భయపెట్టేది కూడా అదే. మిరపకాయ ఘాటు పలచబడినా దగ్గు తెప్పిస్తుంది. ‘లే, బయటికి పో’ అని ఒళ్లు చెబుతుంది. సిగరెట్ పొగ పలచబడితే ముక్కు అలవాటు పడిపోతుంది. ఒళ్లు హెచ్చరించదు. గంటల తరబడి కూర్చుంటాం, ఏమీ కానట్టే ఉంటుంది.

ఏమీ కాలేదా? జపాన్‌లో హిరయామా అనే పరిశోధకుడు, పొగతాగని 91,540 మంది పెళ్లయిన ఆడవాళ్లను పద్నాలుగేళ్ల పాటు గమనించి 1981లో ఫలితాలు ప్రచురించారు. భర్తలు బాగా పొగతాగే ఇళ్లలో ఆ ఆడవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వచ్చింది. పొగాకు కంపెనీలు ఆ పరిశోధన మీద గట్టిగానే దాడి చేశాయి, కానీ తర్వాత వచ్చిన ఎన్నో అధ్యయనాలు అదే దారిలో తేలాయి. 2006లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్య వైద్యుడు) నివేదిక, పక్కవాళ్ల పొగకు ‘ఇంతవరకు ఫర్వాలేదు’ అనే మోతాదే లేదని చెప్పేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, తాము తాగకుండా పక్కవాళ్ల పొగ వల్ల చనిపోయేవాళ్లు ఏటా పది లక్షలకు పైనే.

‘ఇష్టం లేకపోతే పక్కకు వెళ్లొచ్చు కదా’ అనేది నాకు బాగా కోపం తెప్పించే మాట. కస్టమర్ వెళ్లగలడు. సప్లయర్ కుర్రాడు ఎక్కడికి వెళ్తాడు?

ఏ బార్ అండ్ రెస్టారెంట్‌కైనా సాయంత్రం ఏడు తర్వాత వెళ్లి చూడండి. ఆ కుర్రాడి చేతిలో ట్రే, భుజం మీద తుడిచే గుడ్డ. ఒక టేబుల్ మీద యాష్ ట్రే నిండితే తీసి, ఇంకో టేబుల్ మీద పెట్టడం కూడా అతని డ్యూటీనే. మూత తీసి పీకల్ని డబ్బాలో కొట్టేటప్పుడు బూడిద అతని ముఖం మీదికే లేస్తుంది. మీరు రెండు గంటలు కూర్చొని వెళ్లిపోతారు. అతను మూసేదాకా ఉంటాడు, రేపు మళ్లీ వస్తాడు. అతను సిగరెట్ కొనలేదు, ముట్టించలేదు. అసలు ఆ యాష్ ట్రే అక్కడ పెట్టడమే నిబంధనలకు విరుద్ధం. పొగ నిషేధమున్న చోట యాష్ ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచకూడదని 2008 నిబంధనల్లోనే ఉంది.

ఐర్లండ్ ఈ కుర్రాడి వైపు నుంచే ఆలోచించింది. 2004 మార్చి 29న పబ్బులతో సహా పనిచేసే చోట్లన్నిటా పొగ నిషేధించిన మొదటి దేశం అది. పబ్బే ఊరికి కూడలి అయిన దేశంలో ఇది నిలవదన్నారు, వ్యాపారాలు పోతాయన్నారు. అప్పటి ఆరోగ్య మంత్రి మీహాల్ మార్టిన్ వెనక్కి తగ్గలేదు. వాళ్లు దాన్ని ఉద్యోగుల రక్షణ చట్టంగా చూపించారు. ‘తాగొద్దు’ అనలేదు, ‘పనివాళ్లు పీల్చే గాలిలో తాగొద్దు’ అన్నారు.

తర్వాత పరిశోధకులు పొగతాగని బార్ పనివాళ్ల ఉమ్ము పరీక్షించారు. నికోటిన్ ఒంట్లో విరిగితే కోటినిన్ అనే పదార్థం తయారవుతుంది. అది ఉమ్మిలో కనిపించిందంటే, మీరు తాగినా తాగకపోయినా నికోటిన్ మీ ఒంట్లోకి చేరిందని అర్థం. నిషేధానికి ముందు వాళ్లలో అది ఉంది. నిషేధం తర్వాత సుమారు 80 శాతం పడిపోయింది. అదే కాలంలో, ఇంకా నిషేధం రాని, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో తగ్గింది 20 శాతమే. మధ్యలో ఉన్నది ఒక సరిహద్దు గీత. అటూ ఇటూ అవే పబ్బులు, అదే బీరు. తేడా చట్టం ఒక్కటే. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పరిశోధన ఇది.

[తెర మీద: నాలుగు గోడల గది బొమ్మ. తలుపు మూసి ఉంది. గాలి బాణాలు లోపలికి వెళ్లి, పైన గొట్టం గుండా బయటికి పోతున్నాయి.]

మరి ‘స్మోకింగ్ రూమ్’ సంగతి? మన చట్టంలో ఇప్పటికీ ఇది ఉంది. 30 లేదా అంతకన్నా ఎక్కువ గదులున్న హోటళ్లు, 30 లేదా అంతకన్నా ఎక్కువ మంది కూర్చునే రెస్టారెంట్లు, విమానాశ్రయాలు దాన్ని పెట్టుకోవచ్చు. కానీ షరతులు వినండి. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలుండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి. లోపలి గాలి నేరుగా బయటికే పోవాలి, మిగతా భవనం గాలిలో కలవకూడదు. లోపల గాలి పీడనం బయటికన్నా తక్కువ ఉండాలి, అప్పుడే తలుపు తీసినప్పుడు పొగ బయటికి రాకుండా గాలే లోపలికి వెళ్తుంది. లోపలికి వచ్చే, బయటికి వెళ్లే ద్వారాల దగ్గర ఉండకూడదు. లోపల ఏదీ సప్లై చేయకూడదు. ఇప్పుడు మీకు తెలిసిన ‘స్మోకింగ్ జోన్’లను గుర్తు చేసుకోండి. గాజు తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి తీసి ఉంచినవి, లోపలికే బీరూ చికెనూ తెచ్చిచ్చేవి. వంటింటికి చిమ్నీ పెట్టించి, తలుపు మాత్రం బార్లా తెరిచి తాలింపు వేసినట్టు. నా అభిప్రాయం అడిగితే ఈ మినహాయింపు మొత్తం ఎత్తేయాలి. సక్రమంగా కట్టినా, దాన్ని ఊడ్చే మనిషి ఒకరు ఉంటారు.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

వ్యక్తి స్వేచ్ఛ. ఎవరూ లేని ఖాళీ మైదానంలో, మీ పొలం గట్టు మీద మీరు తాగితే ఈ చట్టం అడ్డు రాదు. ఆరుబయట, గాలి ఆడే చోట పొగ త్వరగా చెదిరిపోతుంది, నిజమే. నేనూ దాన్ని ఆపమనడం లేదు. మూడు వైపులా మూసి, పైన రేకు ఉన్న బస్ షెల్టర్ మాత్రం ఆరుబయట కాదు.

బీడీ కార్మికులు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఒళ్లో చాట పెట్టుకొని తునికాకు చుట్టే అక్కలు, ప్రకాశం జిల్లాలో బ్యారన్ల (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టాల) మీద అప్పులు చేసిన పొగాకు రైతులు వీధిన పడతారని అంటారు. వాళ్ల కష్టం చిన్నది కాదు, దాని మీద విడిగా మాట్లాడాలి. కానీ ఈ నిషేధం ఎక్కడ తాగకూడదో చెబుతోంది, అమ్మొద్దని కాదు. బస్టాండ్‌లో గర్భిణి పొగ పీల్చనంత మాత్రాన సిరిసిల్లలో ఎవరి కూలీ ఆగిపోదు.

జరిమానా. కేంద్ర చట్టంలో గరిష్ఠం 200 రూపాయలు, 2003లో పెట్టిన అంకె. కర్ణాటక తన రాష్ట్రం వరకు వెయ్యికి పెంచింది. తెలంగాణ 2024లో హుక్కా పార్లర్లు మూయించడానికి చట్టం సవరించింది. జరిమానా కూడా పెంచి ఉంటే బాగుండేది.

ఇల్లు. చట్టం ఇంట్లోకి రాదు. 2016–17 జాతీయ సర్వేలో, ఇంట్లో పక్కవాళ్ల పొగ పీలుస్తున్న పెద్దవాళ్లు 38.7 శాతం. పొగతాగేవాళ్లు మాత్రం 10.7 శాతమే. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

చివరిది, ఫిర్యాదు. తాగుతున్న మనిషితో గొడవ పడకండి, అది మీ పని కాదు. బాధ్యత ఆ స్థలం యజమానిది, మేనేజర్‌ది. ప్రవేశ ద్వారం దగ్గర కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుతో బోర్డు ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో వాళ్ల పేరు కూడా అందరికీ కనపడేలా రాసి ఉండాలి. ఫిర్యాదు చేశాక కూడా పట్టించుకోకపోతే, ఎంతమంది తాగితే అన్ని జరిమానాలూ ఆ బాధ్యుడికే పడతాయి. రైల్వే స్టేషన్లో స్టేషన్ మాస్టర్‌కు, బడిలో హెడ్‌మాస్టర్‌కు కూడా జరిమానా వేసే అధికారం ఉంది. ఈసారి హోటల్‌కు వెళ్లినప్పుడు బోర్డు మీద పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే కౌంటర్ దగ్గర మేనేజర్‌ను పిలిచి, ‘ఇక్కడ ఎవరి పేరు ఉండాలండీ?’ అని అడగండి.

ఉంటాను.