తూకం పక్కన పెట్టి గుండె సంగతి చూడండి

సభకు నమస్కారం. అధ్యక్షులు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. నేరుగా విషయంలోకి వస్తాను.

5 నుంచి 19 ఏళ్ల మధ్య వయసులో 2022 నాటికి దాదాపు 16 కోట్ల మంది ఊబకాయంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ పిల్లలకు మనం చెబుతున్నది ఒకే మాట: ‘తగ్గు’. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఆ మాట విని విని నా మనసు విరిగిపోయింది.

తీవ్ర వ్యాయామం గురించి చెప్పమన్నారు, చెబుతాను. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవాలి. తర్వాత నాలుగు నిమిషాలు గట్టిగా శ్రమించాలి, మూడు నిమిషాలు నెమ్మదిగా కదులుతూ ఊపిరి తీసుకోవాలి. ఇలా నాలుగు విడతలు. శ్రమ విడతలో గుండె వేగం గరిష్ఠ స్థాయిలో 85 నుంచి 95 శాతానికి చేరాలి. గరిష్ఠం 200 ఉన్న పిల్లవాడికి అది నిమిషానికి 170 నుంచి 190. యంత్రం లేకపోయినా తెలుస్తుంది: రెండు మూడు మాటలకు మించి ఒక్క ఊపిరిలో మాట్లాడలేకపోతే సరైన చోటే ఉన్నట్టు. కొత్తవారు ఒక్కో నిమిషంతో మొదలుపెట్టవచ్చు. మోకాళ్ల నొప్పి ఉంటే పరుగు వద్దు, సైకిల్ తొక్కించండి.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది విరామం. మైదానం చుట్టూ పరుగెత్తిస్తే ఈ పిల్లలు ఎప్పుడూ చివరే. మిగతా తరగతంతా గీత దగ్గర నిలబడి చూస్తూ ఉంటుంది. విడతల వ్యాయామంలో ఈల మోగగానే అందరూ ఒకేసారి ఆగుతారు. చివర ఎవరూ ఉండరు!

పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె నా దగ్గర సైకిల్ తొక్కేది. అంతకుముందు చదివిన బడిలో పిల్లల బరువులు నోటీసు బోర్డుకు అంటించారట. అంతకంటే క్రూరమైన కాగితం ఉంటుందా, మీరే చెప్పండి. ఆ పిల్ల వ్యాయామం పీరియడ్ వస్తే కడుపునొప్పి అని కూర్చునేది. నా దగ్గర మొదటి వారాల్లో విడత మధ్యలోనే హ్యాండిల్ మీద తల వాల్చేసేది. కొన్ని నెలలకు నాలుగో విడత కూడా పూర్తిచేసి, దిగి నిలబడి, బుగ్గలు ఎర్రబడి, పక్కవాళ్ల వంతు లెక్కపెట్టసాగింది. మూడో అంతస్తుకు కబుర్లు చెబుతూ ఎక్కేది. వాళ్లమ్మ తూకం చూసి, ‘కిలో కూడా తగ్గలేదు, ఇంత చేసి ఏం లాభం సార్?’ అన్నారు. అమ్మాయి మళ్లీ తలదించుకుంది. ఆ తలదించుకోవడం ఈ రోజుకీ నన్ను వదల్లేదు.

లాభం ఏమిటో చెబుతాను తల్లులారా, తండ్రులారా, వినండి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ప్రాణవాయువును వాడుకునే శక్తి పెరుగుతుంది. బరువు మారకపోయినా ఇవి మారతాయి. కొవ్వు విషయంలో మాత్రం ఈ పద్ధతి ఇతర వ్యాయామాల కంటే గొప్పదని నేను చెప్పను. తేడా పెద్దగా ఉండదు. అసలు లావుగా ఉన్న పిల్లల్లో చాలామంది నిమిషానికి వాడుకునే ప్రాణవాయువు, మొత్తంగా చూస్తే, సన్నని పిల్లలకు తీసిపోదు. కిలోల లెక్కన భాగించినప్పుడే తగ్గి కనిపిస్తుంది. అంటే వాళ్లు బద్ధకస్తులు కారు. మిగతావాళ్లకు లేని బరువు మోస్తూ మనతో పాటు నడుస్తున్నారు.

వైద్యులకు ఒకసారి చూపించే మొదలుపెట్టండి, ముఖ్యంగా ఉబ్బసం, రక్తపోటు ఉంటే. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపాలి. వారానికి మూడు రోజులు చాలు. మిగతా రోజులు ఆటలు, నడక. రోజుకు సగటున 60 నిమిషాల కదలిక ఉండాలన్న సూచన ఎలాగూ ఉంది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలు తీసుకుంటాను. ముందు పిల్లలు అడగాలి. పెద్దలు తర్వాత.