తలకు తగిలిన దెబ్బ, కాలేయానికి చేరిన కబురు

పెద్దలకు, సాటి వైద్యులకు, ల్యాబ్ టెక్నీషియన్ మిత్రులకు, నర్సింగ్ విద్యార్థులకు నమస్కారం.

తలకు గాయమైన మనిషి రక్తంలో ప్రోటీన్లు ఎందుకు మారతాయి, ఆ మార్పును మనం ఎలా చదవాలి అన్నది ఈ రోజు నాకు అప్పగించిన విషయం. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసే నాకు రోగి మంచం కన్నా రక్తపు గొట్టమే ఎక్కువ పరిచయం. అయినా ఒక రోగి బంధువు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. బైకు మీద నుంచి పడి తలకు బలమైన దెబ్బ తగిలిన ఒక కుర్రవాడు ఐసీయూలో ఉండగా, నాలుగో రోజు ఉదయం అతని మేనమామ రిపోర్టు పట్టుకుని ల్యాబ్ కిటికీ దగ్గరకు వచ్చారు. అందులో కాలేయం తయారుచేసే ముఖ్యమైన రక్త ప్రోటీన్ ఆల్బుమిన్ 2.6 అని, పక్కనే మామూలుగా డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల వరకు ఉండాలని అచ్చయి ఉంది. "మేడమ్, తెచ్చిన రోజు బాగానే ఉందన్నారు. నాలుగు రోజుల్లో ఇంత పడిపోయిందంటే లివర్ కూడా దెబ్బతిన్నట్టేనా? బయట ఆల్బుమిన్ సీసాలు దొరుకుతాయంట, ఎంతయినా తెచ్చుకుంటాం, ఎక్కించమని మీరైనా డాక్టరు గారికి చెప్పండి" అన్నారు. ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

దెబ్బ తగిలిన క్షణంలో చితికిన కణాలను ఎవరూ వెనక్కి తేలేరు. వైద్యానికి మిగిలేది ఆ తర్వాత గంటలపాటు, రోజులపాటు సాగే రెండో నష్టం. చితికిన కణాల నుంచి బయటపడిన పదార్థాలను మెదడులోని కాపలా కణాలు, అంటే 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త డెల్ రియో ఒర్తేగా గుర్తించి పేరు పెట్టిన మైక్రోగ్లియా, పసిగట్టి సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లను విడుదల చేస్తాయి. మనం ఇన్‌ఫ్లమేషన్ అని, తెలుగులో వాపు ప్రక్రియ అని పిలుచుకునేది అక్కడ మొదలవుతుంది. కంటికి కనిపించే ఉబ్బు దానిలో ఒక భాగం మాత్రమే. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ సడలడం, తెల్ల రక్తకణాలు లోపలికి చేరడం, చెత్తను శుభ్రం చేసే పని మొదలవడం కూడా అందులోవే. ఈ సైటోకైన్లలో ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో ప్రయాణించి కాలేయాన్ని చేరుతుంది. దెబ్బ తలకే తగిలినా కబురు పొట్టలోకి అందుతుందన్నమాట.

కబురు అందగానే కాలేయం తన పనుల వరస మార్చుకుంటుంది. సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్), ఫైబ్రినోజెన్, హాప్టోగ్లోబిన్ వంటి ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేస్తూ, ఆల్బుమిన్, ప్రీఆల్బుమిన్, ట్రాన్స్‌ఫెరిన్‌ల ఉత్పత్తిని తగ్గిస్తుంది. ఆ కుర్రవాడి సీరమ్‌ను, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, విద్యుత్తుతో ప్రోటీన్లను గీతలుగా విడదీసే ఎలక్ట్రోఫోరెసిస్‌కు పెట్టినప్పుడు ఈ మార్పు ఆ పట్టీ మీద కంటికే కనిపించింది. మామూలుగా ముదురు రంగులో మందంగా ఉండే ఆల్బుమిన్ గీత పలచబడింది, దాని పక్కన సన్నగా ఉండవలసిన ఆల్ఫా-1, ఆల్ఫా-2 గీతలు చిక్కబడ్డాయి. కాలేయం పాడై ఉంటే ఆ రెండు గీతలు అలా చిక్కబడవు. అది పనిచేస్తోంది, అవసరాన్ని బట్టి వేరే పని చేస్తోంది.

ఇక్కడ విద్యార్థులు ఒక లెక్క వేసుకోవాలి. ఆల్బుమిన్ అర్ధాయువు, అంటే ఉన్నది సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 20 రోజులు. కాబట్టి కాలేయం ఉత్పత్తిని పూర్తిగా ఆపేసినా, నాలుగు రోజుల్లో స్థాయి అంతగా పడిపోకూడదు. అంత వేగంగా పడిపోవడానికి ముఖ్య కారణం వాపు ప్రక్రియ వల్ల సన్నని రక్తనాళాల గోడలు సడలి ఆల్బుమిన్ కణజాలంలోకి జారిపోవడం, దానికితోడు మనం ఎక్కించే సెలైన్ రక్తాన్ని పలచబరచడం. తిండి లేకపోవడం వల్లే తగ్గిందనే మాట వార్డుల్లో తరచుగా వింటాను. మొదటి వారం వరకు అది చాలా చిన్న కారణం.

మరి సీసా ఎక్కిస్తే తప్పేమిటి? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు నడిపిన సేఫ్ అధ్యయనంలో తలకు గాయమైన 460 మందిలో కొందరికి 4 శాతం ఆల్బుమిన్, కొందరికి మామూలు సెలైన్ ఇచ్చారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండేళ్లలో ఆల్బుమిన్ వర్గంలో 33.2 శాతం మంది, సెలైన్ వర్గంలో 20.4 శాతం మంది మరణించారు. అక్కడ ఆల్బుమిన్‌ను ఇచ్చింది రక్తంలో స్థాయి పెంచడానికి కాదు, ద్రవం లోటు తీర్చడానికి అన్న తేడాను నేను దాచను. అయినా, కపాలం లోపలి ఒత్తిడి పెరగడమే ఆ మరణాలకు కారణమై ఉండవచ్చని తర్వాతి విశ్లేషణ సూచించింది. అంకెను సరిచేయాలన్న తొందరలో మనం ఎంత నష్టం చేయగలమో ఈ ఫలితం చూపిస్తుందని నా అభిప్రాయం.

వాపు ప్రక్రియనే అణచివేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన దీనికన్నా పాతది. ఆ నమ్మకంతో ఎన్నో ఏళ్లు తల గాయాలకు స్టిరాయిడ్లు వాడారు. 2004లో వెలువడిన క్రాష్ అధ్యయనం 10,008 మందిని పరిశీలించగా, రెండు వారాల్లో స్టిరాయిడ్ తీసుకున్నవారిలో 21.1 శాతం, తీసుకోనివారిలో 17.9 శాతం మరణించారు. నాకు ఇప్పటికీ మనసును కలచివేసే అంకెలు ఇవి, ఎందుకంటే ఆ మందు రాసినవాళ్లంతా మేలు చేస్తున్నామనే రాశారు.

సీఆర్‌పీ సంగతి కొంత చెబుతాను. 1930లో న్యుమోనియా రోగుల సీరమ్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ కనుగొన్న ఈ ప్రోటీన్ గాయమైన ఆరేడు గంటలకు పెరగడం మొదలై, దాదాపు 48 గంటలకు గరిష్ఠానికి చేరుతుంది. దాని అర్ధాయువు 19 గంటలు. తొడ ఎముక విరిగినా అది పెరుగుతుంది గనుక మెదడు గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. కానీ మూడో రోజు తర్వాత దిగుతూ వచ్చి మళ్లీ పైకెక్కితే, వెంటిలేటర్ వల్ల వచ్చే న్యుమోనియానో, మూత్రపు గొట్టం దగ్గర ఇన్‌ఫెక్షనో ఉందేమోనని వెతకాలి. ఒక్క రిపోర్టు కన్నా వరసగా తీసిన నాలుగు రిపోర్టులు ఎక్కువ చెబుతాయి.

మెదడు నుంచి నేరుగా వచ్చే ప్రోటీన్లు వేరు. వాటిలో ఒకటైన ఎస్100బీని 2013లో స్కాండినేవియా మార్గదర్శకాలు స్వల్ప గాయాల్లో ఎవరికి సీటీ స్కాన్ అక్కర్లేదో తేల్చడానికి స్వీకరించాయి. దెబ్బ తగిలిన ఆరు గంటల్లోపు తీసిన రక్తంలో అది లీటరుకు 0.10 మైక్రోగ్రాముల కన్నా తక్కువ ఉండాలి. అయితే కొవ్వు కణజాలంలోనూ ఉంటుంది కాబట్టి ఒళ్లంతా గాయాలైనవారిలో అది తప్పుదారి పట్టించగలదు. ఇదే అవసరానికి జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే మరో రెండు మెదడు ప్రోటీన్ల జంట పరీక్షకు 2018 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, దెబ్బ తగిలిన 12 గంటల్లోపు రక్తం తీయాలన్న గడువుతో.

ఆ మేనమామకు ఐసీయూ వైద్యులు చివరికి చెప్పినది సీసా గురించి కాదు, ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం గురించి. శరీరానికి కావలసిన కనీస కేలరీలు అయిదో రోజుకల్లా, ఎంత ఆలస్యమైనా ఏడో రోజుకల్లా అందాలని అమెరికా బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆల్బుమిన్ వాపు ప్రక్రియ తగ్గాక తనంతట తాను, వారాల మీద పెరుగుతుంది.

నర్సింగ్ విద్యార్థులకు నాదొక విన్నపం. నేను చెప్పిన ప్రతి అంకె పక్కనా ఒక గడియారం ఉంది, ఆరు గంటలనో, 48 గంటలనో, 20 రోజులనో. మా ల్యాబ్‌కు వచ్చే ఫారంలో రక్తం తీసిన సమయానికి గడి ఉంది గానీ దెబ్బ తగిలిన సమయానికి లేదు. 108 వాహనం సిబ్బందినో, వెంట వచ్చిన బంధువులనో అడిగి, ఫారం పైఅంచున ఖాళీ జాగాలో ఆ గంట రాసి పంపండి.