నంబరు వచ్చాక మొదలయ్యే చదువు

శ్రోతలకు నమస్కారం.

మా బంధువుల్లో ఒక పెద్దాయన నన్ను ఇప్పటికీ చార్టర్డ్ అకౌంటెంట్ అనుకుంటారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. నా విజిటింగ్ కార్డు మీద పేరు కింద సీఏ అనే రెండక్షరాలు, పక్కనే ఒక సంవత్సరం, దాని పక్కన ఒక సంఖ్య ఉంటాయి. ఏటా జులై నెల రాగానే ఆయన ఫోన్ చేసి ఆదాయపు పన్ను గురించి అడుగుతారు. "నేను ఇళ్ల నమూనాలు గీస్తాను బాబాయిగారూ" అంటే, "అయితే సివిల్ ఇంజినీరువన్నమాట" అంటారు. అదీ కాదని చెప్పేలోపు ఫోన్ పెట్టేస్తారు.

ఆ రెండక్షరాలూ ఆర్కిటెక్టు రిజిస్ట్రేషన్ నంబరులో మొదటి భాగం. పార్లమెంటు 1972లో ఆర్కిటెక్టుల చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ దేశం మొత్తానికి ఒకే పట్టిక నిర్వహిస్తుంది. గుర్తింపు పొందిన డిగ్రీ చేతికొచ్చాక అందులో పేరు నమోదు చేయించుకుంటే ఈ నంబరు వస్తుంది. ఆ పట్టికలో పేరున్నవారే తమను ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలి. లేకుండా చెప్పుకుంటే మొదటిసారి జరిమానా 500 రూపాయల వరకు. మీరు సరిగానే విన్నారు, 500. చట్టం రాసిన రోజుల్లో అది బరువైన మొత్తమే. ఇప్పుడు ఆ డబ్బుకు ఒక విజిటింగ్ కార్డుల పెట్టె వస్తుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ చట్టం ఆర్కిటెక్టు అనే పేరును కాపాడుతుందే తప్ప, నమోదు కానివారు భవనాల నమూనాలు గీయడాన్ని నిషేధించదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. మా వృత్తిలో చాలామందికి అది మింగుడు పడలేదు. నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు ఆర్కిటెక్టు గీస్తే లేచాయి? తాపీ మేస్త్రీ ముగ్గు పోస్తే, ఇంటి పెద్ద తాడు పట్టుకుంటే లేచినవే ఎక్కువ. వాటిలో చాలా ఇళ్లు మే నెలలో మా అపార్టుమెంట్ల కంటే చల్లగా ఉంటాయి.

ఇంటర్ పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులూ వింటుంటారు కాబట్టి దారి ఏమిటో చెప్పేస్తాను. ఇంటర్‌లో గణితం చదివి ఉండాలి. నాటా అనే అభిరుచి పరీక్ష రాయాలి. అది 2006 నుంచి జరుగుతోంది. లేదా జేఈఈ మెయిన్‌లో బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ కోసం పెట్టే పేపరు రాయాలి. చదువు ఐదేళ్లు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ రెండూ 2008లో ఏర్పడ్డాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఈ చదువు ఉంది. ప్రైవేటు కళాశాలలు చాలానే ఉన్నాయి. చేరేముందు ఆ కళాశాలకు ఆ ఏడాది కౌన్సిల్ అనుమతి ఉందో లేదో కౌన్సిల్ జాబితాలోనే చూసుకోండి, కళాశాల బోర్డు మీద కాదు. బొమ్మలు బాగా రాకపోతే చేరకూడదా అని అడుగుతుంటారు. గీత వంకరగా వచ్చినా ఫరవాలేదు. చూపు ఉంటే చాలు.

ఐదేళ్లలో ఒక సెమిస్టరు ఏదో ఒక ఆర్కిటెక్టు దగ్గర శిక్షణలో గడపాలి. అసలు కష్టసుఖాలు అక్కడ తెలుస్తాయి. కొన్ని కార్యాలయాలు నెలకు ఎంతో కొంత ఇస్తాయి, కొన్ని టీ మాత్రమే ఇస్తాయి. ఇవ్వనివారు చెప్పే కథ ఒకటుంది. ఆర్కిటెక్టులకిచ్చే అత్యున్నత పురస్కారం ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన మొదటి భారతీయుడు బాలకృష్ణ దోశీ 1951లో పారిస్ వెళ్లి, చండీగఢ్ నగరాన్ని రూపొందించిన మహా ఆర్కిటెక్టు లె కార్బూజియే దగ్గర చేరినప్పుడు, మొదటి ఎనిమిది నెలలు జీతం లేకుండానే పనిచేశారు. ఆ కథ నిజమే. అయితే దాన్ని చెప్పేవాడు లె కార్బూజియే అయి ఉండాలి కదా! జీతం ఇవ్వని చోట కనీసం పని నేర్పుతున్నారా, లేక రోజంతా పాత డ్రాయింగుల మీద తేదీలు మార్పిస్తున్నారా అన్నది మొదటి వారంలోనే తెలిసిపోతుంది. రెండోది అయితే వారం దాటాక అక్కడ ఉండొద్దు.

నా సంగతి చెబుతాను. డిగ్రీ అయ్యాక రెండు నెలలకు నంబరు వచ్చింది. అమ్మ ఆ ధ్రువపత్రాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. నేను ఒక చిన్న కార్యాలయంలో చేరాను. అప్పటికే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముడి జీతంలో నాది మూడో వంతు. నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి పని తెనాలి దగ్గర ఒక ఇంటికి మెట్లు.

మెట్లే కదా అనుకున్నాను. కింది బెడ్డు, అంటే బండలు పరచకముందు నేల మీద పోసే కాంక్రీటు నుంచి పై శ్లాబు వరకు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. ఒక్కో మెట్టు ఎత్తు 6 అంగుళాలు. 120ని 6తో భాగిస్తే 20. ఎక్కడానికి 20 ఎత్తులున్నా పాదం మోపే మెట్లు 19 మాత్రమే కాబట్టి, బేసి సంఖ్య ఉండాలన్న ఇంటాయన వాస్తు పట్టింపు కూడా తీరింది. శేషం సున్నా. ఇంత అందమైన లెక్క ఇంకెక్కడైనా ఉంటుందా అనుకుని, కాగితం చుట్టుకుని సైటుకు వెళ్లాను.

మేస్త్రీకి అరవై ఏళ్లుంటాయి. కాగితాన్ని ఇసుక మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుక ముక్కలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు: "అమ్మా, కింద ఏ బండలు వేస్తున్నారు?"

"తాండూరు బండలు."

"కింద మాలుతో కలిపి మూడంగుళాలు లేస్తుంది. మరి మెట్ల మీద?"

"గ్రానైటు."

"అది మాలుతో కలిపి రెండంగుళాలే కదమ్మా."

అవునన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. గోడ దగ్గరికి వెళ్లి, చెవి మీదున్న పెన్సిలు తీసి, నేల నుంచి మూడంగుళాల ఎత్తులో ఒక గీత గీశాడు. తర్వాత మొదటి మెట్టు నేను చెప్పినట్టే ఆరంగుళాల ఎత్తున గుర్తు పెట్టి, దానిపైన గ్రానైటుకు రెండంగుళాలు కలిపి ఇంకో గీత గీశాడు. ఈ రెండు గీతల మధ్య టేపు పెట్టి నా వైపు తిప్పాడు. ఐదంగుళాలు. "పైన ఏడొస్తుంది" అన్నాడు. పై అంతస్తులోనూ మూడంగుళాల బండలే కాబట్టి ఆఖరి మెట్టు ఏడంగుళాలవుతుంది. అంటే నా అందమైన లెక్క ప్రకారం కడితే మొదటి ఎత్తు 5 అంగుళాలు, మధ్యలో 18 ఎత్తులు ఆరేసి, చివరి ఎత్తు 7.

ఒక అంగుళం తేడా కళ్లకు కనబడదు, కాలికి తెలుస్తుంది. మనం మెట్లు చూసుకుంటూ ఎక్కం. మొదటి రెండు మెట్లకు కాలు ఎత్తు గుర్తు పెట్టుకుంటుంది, ఆ తర్వాత మనసు ఎక్కడో ఉంటుంది. ఆఖరి మెట్టు అంగుళం ఎక్కువైతే బొటనవేలు తగిలి ముందుకు తూలుతాం. చేతిలో పాలగిన్నె ఉన్న పెద్దావిడ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మేస్త్రీ పరిష్కారం కూడా ఆ గోడ మీదే రాసి చూపించాడు. ముడి కాంక్రీటులో మొదటి మెట్టు 7, చివరిది 5, మిగతావన్నీ 6. బండలు పరిచాక అన్నీ సమానం. ఆయన అప్పటికే కొన్ని వందల మెట్లు పోసి ఉంటాడు. నా దగ్గర ఐదేళ్ల చదువు, గోడకు తగిలించిన నంబరు ఉన్నాయి. "కాగితం మార్చి పంపండమ్మా, రేపు సెంట్రింగ్ వాళ్లొస్తారు" అన్నాడు. మా పెద్ద ఆర్కిటెక్టుగారికి ఆయన ఈ సంగతి చెప్పలేదు. ఆ రాత్రి కూర్చుని కొత్త డ్రాయింగు గీశాను. అంతకుముందు నా డ్రాయింగుల్లో ఒకటే మట్టం ఉండేది. ఆ రోజు నుంచి రెండు ఉన్నాయి: ముడి మట్టం, బండలు పరిచాక వచ్చే మట్టం.

నేను చెప్పదలచుకున్నదల్లా ఈ వరస గురించే. మన దేశంలో నంబరు ముందు వస్తుంది, పని తర్వాత వస్తుంది. అమెరికాలో ఇది తిరగేసి ఉంటుంది. అక్కడ లైసెన్సు కావాలంటే సాధారణంగా లైసెన్సున్న ఆర్కిటెక్టు పర్యవేక్షణలో 3,740 గంటల అనుభవం లెక్క చూపాలి, ఆరు భాగాల పరీక్ష గట్టెక్కాలి. ఇక్కడ డిగ్రీ చేసి డాలస్, న్యూజెర్సీ వెళ్లిన మన పిల్లలు చాలామంది ఏళ్ల తరబడి డిజైనర్ అనే పేరుతోనే పనిచేస్తుంటారు. ఇక్కడ ఆర్కిటెక్టు అనిపించుకున్నవాళ్లకు అది కాస్త చిన్నతనంగా ఉంటుంది. అయినా ఆ పద్ధతిలో ఒక నిజాయితీ ఉందని నాకనిపిస్తుంది. మన దగ్గర ఆ గంటలు ఎవరూ లెక్కపెట్టరు. ఎవరికి వాళ్లే లెక్కపెట్టుకోవాలి. నంబరు రాగానే సొంత బోర్డు పెట్టుకోవడానికి చట్టం అడ్డురాదు. కానీ రెండు మూడు వర్షాకాలాలైనా ఇంకొకరి దగ్గర గడపమంటాను. వర్షాకాలం అని ఎందుకంటున్నానంటే, కిటికీ మీద సన్‌షేడు ఎంత బయటికి రావాలో ఏ పుస్తకం కన్నా జడివాన బాగా నేర్పుతుంది.

మరో విషయం ఏ తరగతిలోనూ గట్టిగా చెప్పరు. మొదటి ఇల్లు పూర్తికావస్తుండగా టైల్స్ దుకాణం నుంచి ఫోన్ వస్తుంది. "మీ పార్టీని మా దగ్గరికి పంపండి మేడమ్, మీది మీకు చూసుకుంటాం." చాలా మర్యాదగా అడుగుతారు. దీపావళికి మిఠాయి పెట్టెతో పాటు ఒక కవరు కూడా వస్తుంది. పని తెచ్చిపెట్టడం కోసం కమీషన్లు, కానుకలు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదని మా వృత్తికి 1989లో చేసిన ప్రవర్తనా నియమావళి చెబుతోంది. నియమం సంగతి అలా ఉంచండి. నాకు ఫీజు ఇచ్చేది ఇంటాయన. దుకాణం కూడా ఇస్తే, ఆయన ఇంటికి నేను ఎంపిక చేసే బండ ఎవరి కోసం ఎంపిక చేసినట్టు? మిఠాయి ఉంచుకుని కవరు వెనక్కి పంపినప్పుడు దుకాణదారు నొచ్చుకున్నాడు. ఇంకా ఎక్కువ కావాలేమో అనుకున్నాడట.

ఇప్పుడు నా దగ్గరికి ఉద్యోగం కోసం వచ్చే పిల్లలు మంచి మంచి బొమ్మలు తెస్తారు. కంప్యూటర్లో గీసిన ఆ ఇళ్లలో సాయంకాలపు ఎండ, గాలికి ఊగే పరదాలు, పిల్లి కూడా ఉంటాయి. అవన్నీ చూసి ఒక ప్రశ్న అడుగుతాను: మీ కళాశాల మెట్లు ఎన్ని అంగుళాల ఎత్తు ఉంటాయి? ఐదేళ్లు రోజూ ఎక్కి దిగినవే. చాలామంది నా ముఖం చూస్తారు. కొందరు పుస్తకంలో ఉన్న అంకె చెబుతారు.

నిరుడు ఒక అబ్బాయి తెలియదన్నాడు. ఒక్క నిమిషం అని బయటికి వెళ్లాడు. ఎక్కడికి వెళ్లాడా అని చూస్తే, మా కార్యాలయం మెట్ల మీద కూర్చుని స్కేలు పెట్టి కొలుస్తున్నాడు. తిరిగొచ్చి, "కళాశాలవి తెలియదు మేడమ్. మీవి ఆరున్నర. అన్నిటికన్నా కింది మెట్టు మాత్రం ఐదున్నరే ఉంది" అన్నాడు.

ఆ భవనంలో మేం అద్దెకున్నాం, కట్టింది మేం కాదు. అయినా సంజాయిషీ చెప్పుకున్నాను. సోమవారం నుంచి వచ్చేయమన్నాను.

నమస్కారం.