అమెరికాలో సొంత డబ్బుతో బ్లడ్ టెస్టులు: క్వెస్ట్, ల్యాబ్‌కార్ప్, రీసెల్లర్ సైట్లు | నిజాయితీ రివ్యూ

నమస్తే అండి. ఇవాళ ఫోను రివ్యూ కాదు, ఎయిర్ ఫ్రయర్ రివ్యూ అంతకన్నా కాదు. అమెరికాలో ఇన్సూరెన్స్ కార్డు బయటికి తీయకుండా, డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం కాచుక్కూర్చోకుండా, మన డబ్బుతో మనమే ఆన్‌లైన్లో కొనుక్కునే బ్లడ్ టెస్టుల గురించి చెప్తాను. ఇక్కడి పెద్ద ల్యాబ్ కంపెనీల్లో క్వెస్ట్ వాళ్ల సొంత సైటు ఒకటి, ల్యాబ్‌కార్ప్ వాళ్ల ఆన్‌డిమాండ్ ఇంకోటి, ఈ రెండు ల్యాబుల టెస్టుల్నే తక్కువకి అమ్మే అల్టా ల్యాబ్ టెస్ట్స్, వాక్-ఇన్ ల్యాబ్ లాంటి రీసెల్లర్లు మూడో రకం. ఎవరూ నాకు స్పాన్సర్ చేయలేదు. నేను డాక్టర్ని కూడా కాదు, బిల్లులు చదవడం అలవాటైన మనిషిని అంతే.

తీర్పు ముందే చెప్పేస్తాను, తొందర్లో ఉన్నవాళ్లు వినేసి వెళ్లిపోవచ్చు. మంచి ఇన్సూరెన్స్ ఉండి ఏటా ఫిజికల్‌కి, అదే జనరల్ చెకప్‌కి, వెళ్లేవాళ్లకి ఇవి పెద్దగా అక్కర్లేదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి, ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ లేని మధ్యకాలంలో ఉన్నవాళ్లకి, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి కట్టాల్సింది) వేలల్లో ఉన్నవాళ్లకి మాత్రం కచ్చితంగా పనికొస్తాయి. అందులోనూ నా ఓటు రీసెల్లర్లకే, ఒక్క షరతు మీద. ఆ షరతు తర్వాత చెప్తా.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్తే రేటు కౌంటర్లోనే చెప్తారు, కట్టి లోపలికి వెళ్తాం. ఇక్కడ రక్తం ముందు తీస్తారు, బిల్లు నెల తర్వాత పోస్టులో వస్తుంది. అప్పుడు బేరమాడి లాభం ఏముంది? ఈ సర్వీసులు నాకు నచ్చడానికి అసలు కారణం చౌకదనం కూడా కాదు, సూది గుచ్చకముందే రేటు తెలియడం.

మరి ఆ రేటు న్యాయమైనదో కాదో ఎలా తెలుస్తుంది? దానికో కొలబద్ద ఉంది. 65 దాటినవాళ్లకి ఇక్కడి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ మెడికేర్. ఏ టెస్టుకి ల్యాబుకి ఎంత ఇస్తుందో వాళ్లు పట్టిక వేసి అందరికీ కనిపించేలా పెడతారు. కొన్నేళ్లుగా అందులో ఈ రేట్లు కదల్లేదు. స్క్రీన్ మీద చూడండి. హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగర్, 9 డాలర్ల 71 సెంట్లు. సీబీసీ, అదే రక్తకణాల లెక్క, 7.77. లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్టరాల్ టెస్టు, 13.39. కాంప్రహెన్సివ్ మెటబాలిక్ ప్యానెల్ అని ఒకటుంటుంది, షుగరు, కిడ్నీ, లివరు, సోడియం, పొటాషియం అన్నీ కలిపి 14 రీడింగులు ఇస్తుంది, అది 10.56. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ 16.80. ఈ ఐదూ కలిపితే 58 డాలర్ల 23 సెంట్లు. విటమిన్ డి ఒక్కటే 29.60, మనవాళ్లందరూ అడిగేది అదే కాబట్టి విడిగా చెప్తున్నా.

ఈ 58 గుర్తుపెట్టుకోండి. మీ కార్టులో ఈ ఐదు టెస్టులకీ వంద డాలర్ల లోపు పడుతుంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. రెండొందలు దాటితే ఇంకో సైటు చూడండి. ఇదే లిస్టుకి హాస్పిటల్ ల్యాబు నుంచి అంతకు ఎన్నో రెట్ల బిల్లు వచ్చినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ హాస్పిటల్ పేరు చెప్పను, ఎందుకంటే అది ఒక్క హాస్పిటల్ జబ్బు కాదు. డాక్టర్ క్లినిక్ ఏదైనా పెద్ద హాస్పిటల్ గ్రూపుకి చెందిందనుకోండి, ఆర్డరు దానంతటదే వాళ్ల ల్యాబుకే వెళ్లిపోతుంది. హాస్పిటల్ ల్యాబు రేటు వేరు, బయటి ల్యాబు రేటు వేరు. అందుకే డాక్టర్‌తో ఒక్క మాట అనండి: "ఆర్డరు క్వెస్ట్‌కి పంపించండి" లేదా "ల్యాబ్‌కార్ప్‌కి పంపించండి", మీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఏది ఉంటే అది. వాళ్లేమీ అనుకోరు. ఈ వీడియోలో ఇంకేం గుర్తులేకపోయినా ఇదొక్కటి చాలు.

ఇప్పుడు సర్వీసుల సంగతి. పద్ధతి అన్నింటికీ ఒకటే. సైట్లో టెస్టు ఎంచుకుని కార్డుతో కట్టేస్తారు. వాళ్లతో ఒప్పందంలో ఉన్న డాక్టరెవరో ఆ ఆర్డరు మీద సంతకం పెడతారు, ఆ డాక్టరు మనకి కనపడరు. మీరు ఐడీ కార్డు పట్టుకుని దగ్గర్లోని క్వెస్ట్ సెంటర్‌కో ల్యాబ్‌కార్ప్ సెంటర్‌కో వెళ్తారు. కొన్ని ఊళ్లలో ల్యాబ్‌కార్ప్ వాల్‌గ్రీన్స్ మందుల షాపు లోపల, క్వెస్ట్ సేఫ్‌వే సూపర్‌మార్కెట్ లోపల ఉంటాయి, పెరుగు డబ్బా కొనుక్కుంటూ రక్తం ఇచ్చి రావచ్చు. మామూలు టెస్టులైతే ఒకటి రెండు రోజుల్లో రిపోర్టు వచ్చేస్తుంది.

క్వెస్ట్, ల్యాబ్‌కార్ప్ సొంత సైట్లు శుభ్రంగా ఉంటాయి, రిపోర్టు నేరుగా వాళ్ల యాప్‌లోనే కనిపిస్తుంది, పాత రిపోర్టు పక్కన పెట్టి చూసుకోవచ్చు. ధర మాత్రం ఎక్కువే. హెచ్‌బీఏ1సీ ఒక్కటే 40 డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది. పైగా క్వెస్ట్ దగ్గర డాక్టర్ సంతకానికి చిన్న ఫీజు చివర్లో కలుస్తుంది.

రీసెల్లర్ల దగ్గర అదే టెస్టు సగానికీ, ఒక్కోసారి సగం కన్నా తక్కువకీ దొరుకుతుంది. "అంత తక్కువంటే ల్యాబు మంచిదేనా?" అని మా పిన్ని అడిగింది. ఆర్టీసీ బస్సు టికెట్ కౌంటర్లో కొన్నా యాప్‌లో కొన్నా బస్సు ఒకటే కదా, ఇదీ అంతే. సెంటరు అదే, రక్తం తీసే మనిషి అదే, లోపల మెషీనూ అదే. నేను ముందు చెప్పిన షరతు ఏమిటంటే, కార్టులో కనపడే ధర నమ్మకండి, డబ్బు కట్టే చివరి పేజీ దాకా వెళ్లండి. కొన్ని సైట్లు రక్తం తీసినందుకు విడిగా వేస్తాయి, కొన్ని మెంబర్‌షిప్ అంటగడతాయి. సైట్లు కూడా చూడ్డానికి సంక్రాంతి సేల్ పాంఫ్లెట్ల మాదిరే ఉంటాయి, కూపన్లు, ఎర్రక్షరాలు. ఓపిక పట్టాలి.

న్యూజెర్సీ వాళ్లూ, ఎడిసన్ నుంచి చూస్తున్నవాళ్లూ, మీకు ఓ చేదువార్త. న్యూయార్క్, న్యూజెర్సీ, రోడ్ ఐలాండ్ రాష్ట్రాల నిబంధనల వల్ల చాలా రీసెల్లర్ సైట్లు అక్కడ అమ్మవు. పెన్సిల్వేనియా వైపు వెళ్లి రక్తం ఇచ్చి వచ్చేవాళ్లున్నారు. పెట్రోలూ టోలూ లెక్కేసుకుని నిర్ణయించుకోండి. దీనికి పూర్తి విరుద్ధం అరిజోనా. డాక్టర్ ఆర్డరు లేకుండానే ఎవరికి వాళ్లు టెస్టు చేయించుకోవచ్చని 2015లో చట్టమే చేశారు. ఆ చట్టం కోసం గట్టిగా తిరిగిన కంపెనీ ఏదో తెలుసా? థెరానోస్. వేలి కొసన చుక్క రక్తంతో అన్నీ తేల్చేస్తామని చెప్పి, చివరికి వ్యవస్థాపకురాలు 2022 జనవరిలో మోసం కేసులో దోషిగా తేలిన థెరానోసే. కంపెనీ పోయింది, చట్టం మిగిలింది.

ఇక అమ్మానాన్నల సంగతి. ఈ వీడియో అసలు వాళ్ల కోసమే. విజిటర్ ఇన్సూరెన్స్ మామూలుగా హఠాత్తుగా వచ్చే జబ్బులకే కానీ, ముందునుంచీ ఉన్న షుగరుకీ థైరాయిడ్‌కీ రొటీన్ టెస్టులు చేయించడానికి పనికిరాదు. వాళ్లేమో ఆరు నెలలు ఉంటారు. బయల్దేరే ముందు ఊళ్లో ఒకసారి చేయించి, ఇక్కడికొచ్చి మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ, మెటబాలిక్ ప్యానెల్ చేయిస్తే చాలావరకు సరిపోతుంది. షుగర్‌కి, కొలెస్టరాల్‌కి మన దగ్గరా ఇక్కడా యూనిట్లు ఒకటే, ఎంజీ పర్ డీఎల్. రిపోర్టు గుంటూరులో డాక్టర్‌గారికి వాట్సాప్‌లో పంపితే ఆయన మామూలుగానే చదువుకుంటారు.

చిక్కంతా పేరు దగ్గర వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుందో, అసలు పేరు ఎక్కడుందో చూసి, అక్షరం పొల్లుపోకుండా అలాగే ఆర్డర్లో రాయండి. మీ అకౌంట్లోంచి కొంటూ మీ పేరు మీదే కొనేయకండి, అకౌంటు వాళ్ల పేరుతో, వాళ్ల పుట్టినతేదీతో తెరవండి. సెంటర్‌కి ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లండి. స్కూల్లో వేసిన పుట్టినతేదీ వేరు, అసలు పుట్టినరోజు వేరు అని నాన్నగారు కౌంటర్లో వివరించడం మొదలుపెడితే ఆపండి, పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పమనండి.

అపాయింట్‌మెంట్ పొద్దున్నే తీసుకోండి. లిపిడ్, ఫాస్టింగ్ షుగర్ ఉంటే 8 నుంచి 12 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా, నరం దొరకడం తేలిక. ఫిల్టర్ కాఫీ "పంచదార లేకుండానేలే" అన్నా కుదరదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఆ పూట ఏం చేయాలో ముందురోజే వాళ్ల డాక్టర్‌ని అడగండి. జుట్టు రాలుతోందని బయోటిన్ గమ్మీలు తినేవాళ్లు మన ఆడవాళ్లలో చాలామందే. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని థైరాయిడ్ టెస్టుల్లో తప్పు అంకె వస్తుంది, దాని మీద ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. టెస్టుకి ముందు ఎన్నాళ్లు ఆపాలో అడిగి ఆపండి.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఎందుకు ఇవి కొనక్కర్లేదన్నానో చెప్తాను. ఎక్కువ ప్లాన్లలో ఏటా ఒక ప్రివెంటివ్ చెకప్ ఉచితం. 35 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండి బరువు ఎక్కువున్నవాళ్లకి షుగర్ స్క్రీనింగ్ అందులోకే వస్తుంది. మనలాంటి ఆసియా వాళ్లకి 23 బీఎంఐ (ఎత్తుకీ బరువుకీ ఉన్న లెక్క) నుంచే షుగర్ పరీక్ష గురించి ఆలోచించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అంటుంది. దక్షిణాసియా మూలాలుంటే గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని 2018 కొలెస్టరాల్ మార్గదర్శకాల్లోనే రాశారు. ఇవి డాక్టర్‌కి చెప్పి టెస్టు రాయించుకోండి. విటమిన్ డి మాత్రం ఉచిత స్క్రీనింగ్ జాబితాలో లేదు. "అదీ చేసేయండి" అని నోరు జారితే బిల్లు మీకే వస్తుంది. దానికి రీసెల్లర్ దగ్గర కొనుక్కోవడమే చవక. ఇక్కడో మెలిక: ఇలా సొంతంగా కొన్న టెస్టు మీ డిడక్టిబుల్‌లో లెక్కకు రాదు. హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) కార్డుతో కట్టొచ్చు కాబట్టి పన్ను మిగులుతుంది.

ఇన్సూరెన్స్ లేకుండా క్లినిక్‌కే వెళ్లాల్సొస్తే, ముందుగానే అంచనా బిల్లు రాతపూర్వకంగా అడగండి. 2022 నుంచి అది మీ హక్కు. అసలు బిల్లు ఆ అంచనా కన్నా 400 డాలర్లు లేదా అంతకుమించి ఎక్కువొస్తే వివాదం వేయొచ్చు. ఆదాయం తక్కువుంటే ప్రభుత్వ సాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. చదువుకునే పిల్లలు ముందు యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో అడగండి. యూకేలో ఉన్నవాళ్లు ఈ తిప్పలేవీ పడక్కర్లేదు, వీసాతోపాటే హెల్త్ సర్‌చార్జ్ కట్టేశారు, జీపీ, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్, అవసరమని రాస్తే అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో టెస్టుకి డబ్బు కట్టక్కర్లేదు. కాకపోతే అక్కడ హెచ్‌బీఏ1సీ వేరే యూనిట్లలో ఇస్తారు, 48 అని వస్తే కంగారుపడకండి అనలేను, మన లెక్కలో అది 6.5 శాతం, అంటే షుగర్ గీత.

"ఇండియా వెళ్లినప్పుడు చేయించేసుకుంటే పోలా?" అని అడుగుతారు. పోతుంది, తప్పేం లేదు, పొద్దున ఆరింటికి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, ఆ సుఖం ఇక్కడెక్కడిది! కానీ పెళ్లిభోజనాలు, బొబ్బట్లు తిన్న వారంలో ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో కొవ్వు, చూసి భయపడకండి. అక్కడ ప్రకటనల్లో కనిపించే ఎనభై తొంభై పారామీటర్ల ప్యాకేజీ అంటే సీబీసీలో ప్రతి లైనూ, రేషియోలూ లెక్కేసి చెప్పిన అంకె అది.

నచ్చనిది కూడా చెప్పాలి. ఈ సైట్లన్నీ అవసరం లేనివి అంటగట్టడంలో ఆరితేరినవి. ఏ తిండి పడదో చెప్తామనే ఐజీజీ ఫుడ్ సెన్సిటివిటీ ప్యానెళ్లని అలర్జీ డాక్టర్ల సంఘాలే వద్దంటున్నాయి. లక్షణాలేవీ లేకుండా క్యాన్సర్ మార్కర్లు కొనకండి, జబ్బు లేకపోయినా రిపోర్టులో అంకె ఎర్రగా వచ్చి స్కాన్ల చుట్టూ తిరుగుతారు. అన్నిటికన్నా పెద్ద లోపం, రిపోర్టు చూసి వివరించే డాక్టర్ ఉండరు. పొటాషియం ప్రమాదకరంగా ఉంటే ఫోనొస్తుందేమో కానీ, మెల్లగా పెరుగుతున్న క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రీడింగు) గురించి ఎవరూ చెప్పరు. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే ఈ సైట్లు తెరవకండి, 911కి ఫోన్ చేయండి.

మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో, ఏ టెస్టుకి చివరి పేజీలో ఎంత పడిందో కామెంట్లో రాయండి, మిగతావాళ్లకి పనికొస్తుంది. రిపోర్టు ఫొటోలు మాత్రం పెట్టొద్దండి, వాటి మీద పేరూ పుట్టినతేదీ ఉంటాయి.