టర్నిప్ లేని హాలోవీనా? (డబ్లిన్ నుంచి బాబాయి, అమ్మాయి)

బాబాయి: శ్రోతలకు నమస్కారం.

అమ్మాయి: ఈ రోజు హాలోవీన్. పిల్లలు వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగే ఆచారం గురించి చెబుతామని మాటిచ్చాం.

బాబాయి: టర్నిప్‌తో, అదే ఆ గుండ్రటి దుంపతో మొదలుపెడదాం.

అమ్మాయి: అప్పుడేనా? ముందు సావిన్ అనే పాత ఐరిష్ పండుగ గురించి చెప్పనివ్వండి. అక్టోబర్ 31 పొద్దుగూకడంతో పాత ఐరిష్ వాళ్ళకు చలికాలం మొదలు. వేసవి మేతకు వెళ్ళిన పశువులను ఇళ్ళకు తోలుకొచ్చేవారు. ఆ రాత్రి అవతలి లోకపు తలుపులు తెరుచుకుంటాయని నమ్మకం. దాన్ని మరిపించడానికే చర్చి సకల పునీతుల పండుగను నవంబర్ 1న పెట్టింది.

బాబాయి: అదిగో, అక్కడే ఒప్పుకోను. సుమారు 800 నాటి ఐరిష్ పునీతుల పట్టికలో ఆ తరహా పండుగ ఏప్రిల్ 20న ఉంది. సావిన్‌ను కప్పెయ్యడమే ఉద్దేశమైతే ఆ మార్పు ముందు ఇక్కడే, ఐర్లండ్‌లోనే జరగాలి కదా?

అమ్మాయి: మరి నవంబర్ 1 ఎక్కడిది?

బాబాయి: ఇంగ్లండ్, జర్మనీ వైపు చర్చిల్లో మొదట కనిపిస్తుంది. 835లో పశ్చిమ ఐరోపాను ఏలిన ఫ్రాంకుల చక్రవర్తి లూయీ తన రాజ్యమంతటా అమలు చేయించాడు. ఇక్కడి జనం తర్వాత రెండింటినీ కలుపుకున్నారు. పైగా సావిన్ కథలను మనదాకా రాసిపెట్టింది క్రైస్తవ సన్యాసులే!

అమ్మాయి: రాసినంత మాత్రాన కథలు వాళ్ళవైపోతాయా? ఇక్కడి రాస్‌కామన్ కౌంటీలో రాత్‌క్రోగన్ దగ్గర పిల్లుల గుహ ఉంది. సావిన్ రాత్రి అందులోంచి భూతాలు బయటికొచ్చి పంటలు నాశనం చేస్తాయని చెప్పుకునేవారు. ఆ ద్వారంలోంచి పాక్కుంటూ దూరాలి. పైన అడ్డంగా పెట్టిన రాతి మీద ఓగమ్ అనే పాత ఐరిష్ లిపి గీతలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఒళ్ళంతా బురదతో కూర్చున్నాక చర్చి తేదీలు నాకు పట్టలేదు.

బాబాయి: తేదీలు పట్టకపోతే చరిత్ర ఎందుకు అమ్మాయ్?

అమ్మాయి: జనం భయపడిందీ చరిత్రే బాబాయ్.

బాబాయి: సరే, అది ఒప్పుకుంటాను. ఆ భయానికి మందుగా ఏం వెలిగించారు? టర్నిప్!

అమ్మాయి: వచ్చేశారు.

బాబాయి: రావాల్సిందే. మేయో కౌంటీలో క్యాసిల్‌బార్ దగ్గరి గ్రామీణ జీవన మ్యూజియంలో ఒక టర్నిప్ దీపానికి తీసిన అచ్చు ఉంది. అసలుది 1943లో డొనెగల్‌లోని ఫిన్‌టౌన్ నుంచి వచ్చింది. లోతుకు పోయిన కళ్ళు, విరిగినట్టున్న పళ్ళు. గుమ్మడికాయ ముఖం నవ్వుతుంది, ఇది నవ్వదు. నిన్న నేను ఒకటి తొలిచాను. రాయిలా ఉంది, చెంచా వంగిపోయింది. కొవ్వొత్తి పెడితే పైమూత మాడి ఇల్లంతా వాసన.

అమ్మాయి: వాసన నాకు మెట్ల దాకా వచ్చింది. మరి గుమ్మడికాయ ఎలా వచ్చింది?

బాబాయి: 1845లో ఇక్కడ బంగాళాదుంపకు తెగులు పట్టి కరువొచ్చింది. పది లక్షల మంది చనిపోయారు. అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కి పోయారు. అమెరికాలో చేతికందినది గుమ్మడికాయ. పెద్దది, మెత్తనిది. ఆకలితో పారిపోయినవాళ్ళు పండుగను మాత్రం వదల్లేదు. నాకు అది తలచుకుంటే...

అమ్మాయి: అవును. మన షాపుల్లో గుమ్మడికాయలు పేర్చినప్పుడు ఎవరికీ ఆ ఓడలు గుర్తురావు.

బాబాయి: అందుకే టర్నిప్ అంటాను.

అమ్మాయి: ఈ సంవత్సరం నేనూ తొలుస్తాను, సరేనా? ఇక బార్మ్‌బ్రాక్. ఎండుద్రాక్ష రొట్టెలో ఉంగరం వస్తే పెళ్ళి, నాణెం వస్తే డబ్బు, గుడ్డపీలిక వస్తే లేమి. పిన్నికి ఏటా ఉంగరమే వస్తోంది.

బాబాయి: ఆ విషయం ఇక్కడ వద్దు.

అమ్మాయి: వేషాల సంగతి మిగిలిపోయింది. ముఖానికి మసి పూసుకుని తిరిగి పాటో పద్యమో వినిపిస్తేనే ఆపిల్‌పండ్లు, గింజలు ఇచ్చేవారు. ఊరికే ఇచ్చేవారు కాదు.

బాబాయి: అదే సరైన పద్ధతి. ఈ రోజు పాట పాడనిదే నేను ఎవరికీ ఏమీ ఇవ్వను.

అమ్మాయి: మూడేళ్ళ పిల్లలను కూడా పాడమంటారా?

బాబాయి: ఒక్క వాక్యం చాలు. అదిగో, గంట మోగింది. పల్లీలు ఎక్కడ పెట్టావు?

అమ్మాయి: మీరు టర్నిప్ పెట్టిన బల్ల కిందే. ముందు మైకు ఆపండి.