కుండీ అడుగున నిలిచే నీరు

సభకు నమస్కారం.

కుండీల్లో మొక్కల పెంపకం అనగానే ఏ మొక్కకు ఏ ఎరువు వెయ్యాలో చెబుతానని మీలో కొందరు అనుకొని ఉండవచ్చు. ఎరువుల మాట చివర్లో కొద్దిగా వస్తుంది గాని, నా ప్రసంగంలో ఎక్కువ భాగం నీటి గురించీ, ఆ నీరు దిగిపోయిన సందుల్లోకి చేరవలసిన గాలి గురించీ ఉంటుంది. కుండీల్లో మొక్కలు చనిపోవడానికి పోషకాల లోపం కన్నా, వేళ్ళకు ఊపిరాడకపోవడమే తరచుగా కారణమవుతుంది.

నేలలో పాతిన మొక్కకు నీళ్ళు పోస్తే, కింద ఉన్న మట్టి ఆ నీటిని తనలోకి లాక్కుంటూ పోతుంది. కుండీలో ఆ లాగే మట్టి అడుగుభాగం దగ్గర ఆగిపోతుంది. రేణువుల మధ్య సన్నని సందులు కేశాకర్షణ వల్ల, అంటే ఇరుకు సందు నీటిని తనలోకి లాక్కునే గుణం వల్ల, నీటిని పట్టి ఉంచుతాయి కనుక, అడుగున రంధ్రం ఎంత పెద్దదైనా, కొంత ఎత్తు వరకు మట్టి పూర్తిగా నీటితో నిండే ఉంటుంది.

ఈ బల్ల మీది స్పాంజిని చూడండి. దీన్ని నీటిలో ముంచి, వెడల్పాటి వైపు నేలకు ఉండేలా అడ్డంగా పట్టుకుంటున్నాను. కారవలసిన నీరంతా కారి, చుక్కలు ఆగిపోయాయి. ఇప్పుడు పిండకుండా, కేవలం నిలువుగా తిప్పుతున్నాను. మళ్ళీ ధార మొదలైంది. స్పాంజి అదే, సందులూ అవే. ఎత్తు ఒక్కటే మారింది. అడుగున నిలిచే తడి పొర మందం ప్రధానంగా సందుల సైజును బట్టి ఉంటుంది గాని పాత్ర లోతును బట్టి కాదు. ఒక మిశ్రమంలో ఆ పొర 5 సెంటీమీటర్లు అనుకుందాం. 10 సెంటీమీటర్ల లోతున్న తొట్టిలో సగం మట్టి బురదగా ఉంటుంది. అదే మిశ్రమం 30 సెంటీమీటర్ల కుండీలో పోస్తే ఆరో వంతు మాత్రమే తడిసి ముద్దవుతుంది. లోతు తక్కువైన పాత్రలకు మరింత గుల్లగా ఉండే మిశ్రమం కావలసి రావడానికి కారణం ఇదే.

నీరు బాగా దిగుతుందని కుండీ అడుగున గులకరాళ్ళో, పెంకులో పరచడం చాలామందికి అలవాటు. మంచి ఉద్దేశంతో చేసే పనే గాని, ఫలితం తలకిందులవుతుంది. మట్టిలోని సన్నని సందుల్లో ఉన్న నీరు, రాళ్ళను ఆనుకొని ఉన్న మట్టి దాదాపు పూర్తిగా తడిసేదాకా, రాళ్ళ మధ్య పెద్ద సందుల్లోకి దిగదు. దాంతో తడి పొర రాళ్ళ మీదికి చేరి, వేళ్ళకు దక్కే చోటు అంతమేరకు తగ్గుతుంది. మట్టి జారిపోకుండా రంధ్రం మీద చిన్న జల్లెడ ముక్క వేస్తే చాలు.

పొలం మట్టిని ఒక్కదాన్నే కుండీలో నింపితే కొద్ది కాలానికే గట్టిపడుతుంది. కొబ్బరి పొట్టు, బాగా చివికిన కంపోస్టు, ముతక ఇసుక లేదా పెర్లైట్ అనే తేలికైన తెల్లని రాతి గుళికలు కలిపితే గాలి ఆడుతుంది. అయితే ఇలాంటి తేలిక మిశ్రమాలు ఒకసారి బాగా ఎండితే ముడుచుకుపోయి కుండీ గోడను వదిలేస్తాయి. అప్పుడు పోసిన నీరు ఆ సందులోంచి జారి రంధ్రం ద్వారా బయటికి వచ్చేస్తుంది; కింద తడి చూసి మనం తృప్తిపడతాం, మధ్యలో వేళ్ళు మాత్రం పొడిగానే ఉంటాయి. అలాంటి కుండీని, పైమట్టి తడి తేలే వరకు, నీళ్ళ బేసిన్‌లో నిలబెట్టి తర్వాత బయటికి తీయాలి.

మధ్యాహ్నం ఆకులు వాలగానే నీళ్ళు పోయడం కూడా ప్రమాదమే. వేళ్ళు కుళ్ళిన మొక్క కూడా అచ్చం దాహం వేసిన మొక్కలాగే వాడుతుంది. చేతివేలు రెండు కణుపుల లోతుకు మట్టిలోకి దించి చూడండి. కుండీ చిన్నదైతే ఎత్తి చూడండి. తడిసిన కుండీకీ ఆరిన కుండీకీ బరువులో ఉన్న తేడా కొద్ది రోజుల్లోనే చేతికి తెలిసిపోతుంది.

బరువు అన్నాను కాబట్టి మేడల మీద పెంచేవారికి ఒక మాట. మట్టి ఎక్కువగా ఉన్న మిశ్రమం తడిసినప్పుడు లీటరుకు ఒకటిన్నర కిలోలకు పైనే తూగవచ్చు. 20 లీటర్ల కుండీలు పది చేరిస్తే 300 కిలోలు దాటవచ్చు. పెద్ద తొట్లను స్లాబు మధ్యలో కాక, దూలాల మీదా గోడల వారగా ఉంచడం మేలు.

మొక్కలను పాత్రల్లో పెట్టి మోసుకుపోవడం కొత్త విద్య కాదు. 1789లో బౌంటీ అనే బ్రిటిష్ ఓడ 774 కుండీల్లో, 39 తొట్లలో, 24 పెట్టెల్లో 1,015 బ్రెడ్‌ఫ్రూట్ (సీమపనస) మొక్కలతో పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవి నుంచి బయలుదేరింది. వాటి కోసం పెద్ద గదిలో సీసం రేకు పరచి, కుండీల నుంచి కారిన నీరు గొట్టాల ద్వారా కింది పీపాల్లోకి చేరి మళ్ళీ వాడుకకు వచ్చేలా ఏర్పాటు చేశారు. తిరుగుబాటు చేసిన నావికులు ఆ మొక్కలను సముద్రంలో పారేశారనుకోండి, అది వేరే సంగతి.

మంచినీరు కరవైన నడిసముద్రంలో అది సరైన ఉపాయమే గాని, ఇంట్లో అలా పదేపదే వాడితే లవణాలు పేరుకుంటాయి. మట్టి కుండీ అంచున కనిపించే తెల్లని పూత నీటిలోనూ ఎరువులోనూ ఉన్న ఉప్పే. అప్పుడప్పుడూ అడుగు నుంచి నీరు ధారాళంగా కారే వరకు పోసి ఆ ఉప్పును కడిగెయ్యాలి. కడిగినప్పుడు పోషకాలు కూడా కొన్ని పోతాయి కనుక, ఎరువును ఒకేసారి దండిగా వెయ్యకుండా పలచగా, తరచుగా ఇవ్వడం నయం.

చిన్న మొక్కను ఒకేసారి పెద్ద తొట్టిలోకి మార్చకండి. వేళ్ళు చేరని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి, కుళ్ళుకు దారి తీస్తుంది. పాత కుండీ కన్నా నాలుగైదు సెంటీమీటర్లు వెడల్పైనది సరిపోతుంది. మార్చేటప్పుడు మట్టి గడ్డ చుట్టూ వేళ్ళు చుట్టలు చుట్టుకొని ఉంటే, వాటిని చేతివేళ్ళతో విడదీయండి. విడిపోనంత బిగుసుకుంటే పదునైన కత్తితో పక్కల నిలువుగా నాలుగు గాట్లు పెట్టండి. కోసిన చోట కొత్త వేళ్ళు పుట్టి బయటి మట్టిలోకి సాగుతాయి. ఆ కొద్ది రోజులూ మొక్కను ఎండకు దూరంగా, నీడలో ఉంచండి.